లైన్లోనే ఉండు చక్రధర్

"లైన్లోనే ఉండు చక్రధర్, తర్వాత నీ దగ్గరికే" అని హైదరాబాదు డెస్కు నుంచి పురుషోత్తం గారు చెప్పి చాలాసేపయింది, ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో మైకు, ఎదురుగా స్టాండు మీద కెమెరా, దాని వెనక ఒక కన్ను మూసుకున్న స్వామిదాసు, నా వెనక ఎల్లారెడ్డి సర్కారు దవాఖాన, దవాఖానకూ నా వీపుకూ మధ్య సందు లేకుండా జనం. స్వామిదాసు ఇటుక పెంకుతో నేల మీద ఒక గీత గీసి దాని మీద నన్ను నిలబెట్టాడు. కాలు మార్చుకున్నా చాలు, "కదలకన్నా, ఫ్రేములకెళ్లి పోతవు" అంటాడు. తుంపర పడుతోంది. కళ్లద్దాల మీద చుక్కలు పడి ఒక కెమెరా రెండుగా కనిపిస్తోంది, తుడుచుకోవాలని ఉంది, తుడుచుకోకూడదు, ఏ క్షణాన టీవీ తెరను సగం చేసి ఆ సగంలో నన్ను పెడతారో ముందు చెప్పరు, పిల్లలు దవాఖానలో పడి ఉంటే తీరిగ్గా అద్దాలు తుడుచుకునే రిపోర్టరు కనిపిస్తే బాగుండదు. చొక్కా జేబులో రెండో ఫోను కొట్టుకుంటోంది. ఒక ఫోను స్టూడియోకు, ఒకటి లోకానికి. స్టూడియో ఫోను చెవిలో ఉన్నంతసేపూ లోకం ఫోను ముట్టుకోకూడదు, మా పనిలో అది మొదటి నియమం. అది ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఎవరు చేస్తున్నారో చూడకపోయినా ఎక్కడి నుంచో తెలుసు. మా ఊరి నుంచి.

చెవిలో చర్చ నడుస్తోంది. చర్చ పేరు 'అన్నంలో విషం'. ఒక పార్టీ ఆయన, ఇంకో పార్టీ ఆయన, పిల్లల హక్కులావిడ, మనస్తత్వ నిపుణుడు, నలుగురిలో ఒక్కరూ మా ఊరి పొలిమేర తొక్కినవాళ్లు కారు, అయినా మా బడి వంటగదిలో ఏ గిన్నె ఎక్కడుందో చూసి వచ్చినట్టే మాట్లాడుతున్నారు. జరిగింది చెప్పమంటే నాలుగు ముక్కలు. మధ్యాహ్నం బువ్వ వేళ దాటాక పిల్లలు వాంతులు చేసుకున్నారు, పాతికమంది దాకా. ఆటోల్లో ఇక్కడికి తెచ్చారు. ఇద్దరిని కామారెడ్డి పంపారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. మిగిలినదంతా ఎవరో అన్నది, ఎవరో అనుకున్నది, అనుకున్నదాన్ని మళ్లీ ఇంకెవరో అన్నది. మూడు రోజుల కింద బీహార్‌లో బడి అన్నం తిని పిల్లలు చచ్చిపోయి ఉండకపోతే ఈ వార్త తెర కింద ఒక్కసారి పాకి పోయేది. ఇప్పుడు దీనికోసం నిజామాబాదు నుంచి కామారెడ్డి మీదుగా గొడుగు వ్యాను దిగింది. గొడుగు వ్యాను అంటే లైవు పంపే ఓబీ వ్యాను, నెత్తిన ఉన్న పళ్లెం చూసి ఇక్కడి జనం పెట్టిన పేరు. యాంకరమ్మ అడుగుతోంది, గొంతులో కన్నీటి జీర కూడా ఉంది, "వండిన మనిషి తాను మాత్రం ఒక్క ముద్ద ముట్టలేదు. ఎందుకు? ఆమెకు ముందే ఏం తెలుసు?" ఆ వండిన మనిషి పేరు భూదవ్వ. మా అవ్వ. ఛానల్ తెలుగులో చెప్పాలంటే మా అమ్మ. ఇప్పుడామె బడి వంటగదిలో ఉంది. పెద్దసారు బాలనర్సయ్య బయట నుంచి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు, కాపాడడానికి వేశాడో అప్పగించడానికి వేశాడో ఆయనకే తెలియాలి, తలుపు ముందు జనం పెరుగుతున్నారు, ఇయర్‌ఫోను పెట్టుకోకముందు ఊరి నుంచి వచ్చిన ఫోనులో తెలిసింది ఇంతే.

వెళ్లిపోవచ్చు కదా అని నా కాళ్లు అడుగుతున్నాయి. ఇక్కడి నుంచి మా ఊరు ఎంత దూరం, ఆటో ఎక్కితే మాటల్లో వచ్చేస్తుంది. కానీ వెళ్తే తలుపు ముందు గుంపులో ఒకణ్ని, వండినదాని కొడుకును, మొదటి దెబ్బ తినేవాణ్ని. ఇక్కడ నిలబడితే ఊరూరా టీవీల్లో నా మాట వినపడుతుంది, ఆ గుంపు కూడా హోటలు ముందు టీవీ చూసే కదా కదులుతోంది, ఇక్కడ ఒక్క మాట సరిగా పడితే అక్కడ తలుపు ముందు నలుగురు వెనక్కి తగ్గుతారు. ఇదీ నా లెక్క. పురుషోత్తం గారు తర్వాత నీ దగ్గరికే అన్నప్పుడల్లా నా లెక్క గెలిచినట్టే ఉంటుంది, యాంకరమ్మ మళ్లీ ఆ పార్టీ ఆయన దగ్గరికి పోయినప్పుడల్లా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటాను. ఈ గీత మీద నిలబెట్టింది స్వామిదాసు కాదు, నేనే. ఎందుకంటే ఆ 'ముద్ద ముట్టలేదు' అన్న మాట ఛానల్‌కు అందించింది నేనే.

కామారెడ్డి బస్టాండులో చాయ్ తాగుతున్నాను అప్పుడు. ఆటో నడిపే లక్పతి ఫోను చేశాడు, "అన్నా, మీ ఊరి బడి పోరగాండ్లు కక్కుతున్నరు, దవాఖానకు కొట్టుకపోతున్న" అన్నాడు. మా రిపోర్టర్లకు అలవాటైన ప్రశ్నలు నా నోటి నుంచి వాటంతట అవే వచ్చాయి, ఎంతమంది, ఏం తిన్నారు, వండినవాళ్లు రుచి చూశారా? "సారు తిన్నడంట. వండినామె తినలేదంటున్నరు అన్నా, గంతకంటె నాకెర్కలేదు." బడిలో వంటకు ఇద్దరు, మా అవ్వ, మంగవ్వ, వారం వారం వంతు. ఈ వారం మంగవ్వది, నాకు తెలుసు, పోయిన ఆదివారం ఇంటికి పోతే అవ్వ బీడీల గంప ముందేసుకుని తీరిగ్గా కూర్చుని ఉంది. మంగవ్వే కదా అనుకున్నాను. ఇదే నేను అనుకున్నది, ఇంతకన్నా మంచిగా చెప్పుకోలేను. చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే డెస్కుకు ఫోను చేసి చెప్పాను, మధ్యాహ్న భోజనం తిని విద్యార్థులకు అస్వస్థత, వండిన మహిళ భోజనం ముట్టలేదని స్థానికుల ఆరోపణ. స్థానికులంటే లక్పతి ఒక్కడు. ఆరోపణ అంటే గంతకంటె నాకెర్కలేదు అన్న మాట. పురుషోత్తం గారు "వాహ్, ఆ రెండో పాయింటే లీడ్, దాంతోనే మొదలుపెడదాం" అన్నారు, నాకు కడుపు నిండినట్టయింది, బస్సెక్కి కిటికీ సీటు దొరికిందని కూడా సంతోషపడ్డాను.

లింగంపేటలో బస్సు ఆగినప్పుడు హోటల్లో టీవీ కనిపించింది. నా మాట ఎర్ర పట్టీ మీద పరిగెడుతోంది, అప్పటికే ఆరోపణ రాలిపోయి 'వండిన మహిళ ఎందుకు తినలేదు' మాత్రమే మిగిలింది. ఆ పట్టీ వైపు చూస్తూనే అవ్వకు ఫోను చేశాను, మంగవ్వ ఎలా ఉందో, ఊళ్లో ఏమంటున్నారో కనుక్కుందామని, వార్తకు ఇంకో ముక్క దొరుకుతుందని. అవ్వ ఎత్తింది. "మంగవ్వ ఏడున్నది బిడ్డా, ఏకాశికని తల్లిగారింటికి పోయింది, బిచ్కుంద అవుతలికి. వంతు మార్సుకున్నం. నేనే వండిన. నాకు ఒక్కపొద్దు గదా, నోట్లె ఏస్కోలే, సారు తిని మంచిగున్నదన్నడు. పోరగాండ్లకు ఏమైందో ఏమో, నా పానం కొట్టుకుంటున్నది." బస్సు కదిలింది, కిటికీ పక్కన పొలాల్లో వరి నాట్లేసే ఆడవాళ్లు నడుములు వంచి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. ఆమే మళ్లీ అంది, "బిడ్డా, నువ్వు టీవీల చెప్పేటప్పుడు మంగవ్వ పేరు తియ్యకు. ఈ వారం దానిదని అందరికి ఎర్కనే, దాన్నే అంటరు. దాని మొగడు దుబాయిల, దానికి ఎనకాముందు ఎవ్వలున్నరు." అవ్వకు తన సంగతి గుర్తు రాలేదు. మంగవ్వను ఏమంటారో అన్నది నాకు తట్టనే లేదు. ఆమె కడుపున పుట్టినవాడి బుద్ధి కాదిది.

తొలి ఏకాశి నాడు మా వాడకట్టులో సగం ఆడవాళ్లు ఒక్కపొద్దే, ఉపవాసమే, పొద్దూకాక పేలపిండి నోట్లో వేసుకునేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ఇందులో వింత లేదు, ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. అవ్వ నా పేరు మీద ఉంటుంది, నేను ఈ రిపోర్టరు పనిలో చేరిన ఏడాది మొక్కుకుంది, పిల్లగాడు ఉద్యమంలో లాఠీల నడుమ తిరుగుతున్నాడు, దెబ్బ తగలకుండా చూడమని. నాకు దెబ్బ తగలకూడదని తినకపోవడం ఇవ్వాళ ఆమె మెడకు చుట్టుకుంది. అంతకన్నా నాకు అర్థంకానిది ఇంకొకటి ఉంది. బస్సు దిగి వస్తుంటే మా ఊరి ఆడమనిషే ఒకామె, తానూ ఒక్కపొద్దు ఉన్నామె, పిల్లవాణ్ని చంకనేసుకుని దవాఖానలోకి పరిగెడుతూ నన్ను ఆపి, "భూదక్క ఎందుకు తినలేదు చక్రీ, టీవీల అడుగుతున్నరు గదా" అంది. నువ్వు తిన్నావా అక్కా అందామనుకున్నాను. ఆమె కళ్లలో భయం చూసి అనలేకపోయాను. టీవీ అడిగితే మన ఇంట్లో సంగతి కూడా మనకు కొత్తగా కనిపిస్తుంది.

చెవిలో పిల్లల హక్కులావిడ "ఇటువంటి మనస్తత్వం" అంటోంది, నిపుణుడు "కక్ష" అంటున్నాడు, ఎవరి మీద ఎవరికి కక్షో అడిగేవాళ్లు లేరు. ఈ గొంతుల మీద నుంచి ఇంకో గొంతు వస్తోంది, నాదే, అంగీ గుండీ ఒకటి ఊడిపోయిన పదేళ్ల పిల్లవాడి గొంతు, పేపరు చదువుతోంది. మా ఇంటి ముందు పందిరి కింద బీడీలు చుట్టే ఆడవాళ్లు కూర్చునేవాళ్లు, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, చేతులు ఆడుతూ ఉండేవి, కళ్లు చేతుల మీద ఉండేవి, చెవులు ఖాళీ. ఆ ఖాళీ చెవులకు పేపరు చదివే పని నాది. బస్సులో వచ్చిన నిన్నటి పేపరు. నేను ఒక వార్త చదవగానే ఎవరో ఒకరు అందుకునేవాళ్లు, గాడు గంతే, గా పిల్లది ఏం జేసిందో, గట్లనే కావాలె. నాకూ సరదా పుట్టి మధ్యలో నా మాట కలిపేవాణ్ని, పేపర్లో ఉన్నట్టే అదే గొంతుతో చదివేవాణ్ని, దొంగను చెట్టుకు కట్టేసి కొట్టారట, వాడికి తగిన శాస్తి జరిగిందట. ఒకరోజు మా అవ్వ చేయి ఆపింది. చదువు రాదు, అయినా ఎక్కడ పేపరు ఆగి ఎక్కడ నేను మొదలయ్యానో పట్టేసింది. "అయిన ముచ్చట నువ్వు సదువు బిడ్డా. అనే ముచ్చట మేమంటం" అంది. అందరూ నవ్వారు, అందరికన్నా గట్టిగా మంగవ్వ. చదవడం అయ్యాక కొంగు ముడి విప్పి పిప్పరమెంటు బిళ్ల నా నోట్లో పెట్టేది కూడా మంగవ్వే, ముందు వేళ్లు కొంగుకు తుడుచుకునేది, అయినా బిళ్లకు తంబాకు వాసన వచ్చేది. ఆ బిళ్ల తిన్న నోటితోనే చాయ్ తాగుతూ మంగవ్వే కదా అనుకున్నాను.

"జర్ర లొల్లి జేయుండ్రన్నా, ఉత్తగ నిలవడితె ఏం బాగుంటది" అని స్వామిదాసు నా వెనక జనానికి సైగ చేస్తున్నాడు. వాళ్లు చాలావరకు ఎల్లారెడ్డి అంగడి జనం, గొడుగు వ్యాను చూసి వచ్చినవాళ్లు, పిల్లలెవరో తెలియదు, ఊరు తెలియదు. ఇంతకుముందు ఒకసారి తెరలో మా ముక్క చూపించినప్పుడు వాళ్లు చేతులెత్తి అరిచారు, వెంటనే చెవిలో యాంకరమ్మ "ఎల్లారెడ్డిలో కట్టలు తెంచుకున్న జనాగ్రహం" అంది, ఆ మాట హోటలు టీవీలో విని ఇంకో ఇరవైమంది వచ్చారు, నిజంగానే కోపంతో వచ్చారు. స్వామిదాసు చెడ్డవాడు కాదు. అతనికి నిండు ఫ్రేము కావాలి, కొలువు నిలబడాలి. ఉద్యమంలో రాస్తారోకోల దగ్గర నేనూ ఇలా సైగలు చేసినవాణ్నే, అప్పుడది మన పని అనిపించింది, మన గోడు లోకానికి వినపడాలి కదా అనిపించింది. సైగ మాత్రం ఇదే.

ఇందాక దవాఖాన లోపల డాక్టరమ్మ నాతో చెప్పింది, గోడకు ఆనుకుని, చేతుల తొడుగులు తీస్తూ, "అన్నం కాదనిపిస్తోంది. వాంతుల్లో గింజల ముక్కలు ఉన్నాయి, అడవి ఆముదం. పిల్లలు వేరుశనక్కాయల్లా కొరికినట్టున్నారు. రేపటికి తేరుకుంటారు." అదే కెమెరా ముందు చెప్పమంటే చేతులు అడ్డం పెట్టింది, పై నుంచి పర్మిషన్ రానిది మాట్లాడనంది. బడి కంచె పొడుగునా ఆ చెట్లే, డీజిలు వస్తుందని కొన్నేళ్ల కింద నాటించారు, డీజిలు రాలేదు, కాయలు వచ్చాయి. ఆ పక్కనే మంచం దగ్గర తండా మనిషి ప్రేమ్‌సింగ్, బిడ్డ భూమిక తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని మాట మాత్రం రికార్డు చేశాం, స్వామిదాసు, నేను. "మా పిల్ల బడిల బువ్వ తిననే లేదు సారు. నిన్నటి సంది జరం, ఇంట్లకెళ్లి రొట్టె తీస్కపోయింది. గని అందర్లకన్న ఎక్కువ గిదే కక్కింది. ఆట ఇడిసినప్పుడు కాయలు తిన్నరంట, నాకిప్పుడు చెప్పింది." ఇంతకన్నా ఏం కావాలి, దేవుడు దారి చూపించాడనుకుని గొడుగు వ్యానులోంచి ఆ ముక్క పైకి పంపించాను, పురుషోత్తం గారికి ఫోను చేసి మరీ చెప్పాను. ఆయన విన్నారు. ఓపిగ్గానే విన్నారు. "చూడు చక్రధర్, డాక్టరు చెప్పలేదు, ఎవరో తండా ఆయన చెప్పాడు. మన లైను అన్నంలో విషం. ఇప్పుడు మధ్యలో ఇది వేస్తే చర్చ కూలిపోతుంది. చర్చ అయ్యాక చూద్దాం. అయినా నువ్వు రిపోర్టరువి, నీ అభిప్రాయాలు నీ దగ్గర పెట్టుకో, అక్కడ జనం ఏమనుకుంటున్నారో అది చెప్పు చాలు." జనం ఏమనుకుంటున్నారు? జనం మన టీవీ చూసి అనుకుంటున్నారు సార్ అందామనుకున్నాను. నెలకింత అని కాక పంపిన ముక్కకింత అని బతికే నోరు నాది, అనలేదు. మా అవ్వ అని కూడా చెప్పలేదు. చెబితే నన్ను గీత మీద నుంచి దింపేసి ఇంకొకర్ని పెడతారు, ఆ ఇంకొకరికి ప్రేమ్‌సింగ్ కూడా తెలియడు.

జేబులో ఫోను మళ్లీ. తలుపు విరిగిందా? అవ్వ చీకటికి భయపడదు, పొగకు భయపడదు, గట్టిగా అరిచేవాళ్లకు భయపడుతుంది, మా నాన్న తాగి అరిచిన రోజుల నుంచి. ఆ గదికి కిటికీ లేదు, పొగ పోవడానికి పైన నాలుగు పెంకులు తీసిన సందు ఉంది, ఆ సందులోంచి ఇప్పుడు అరుపులన్నీ లోపలికే దిగుతుంటాయి. చెవిలో యాంకరమ్మ ఎస్సెమ్మెస్ ఓట్ల ఫలితం చదువుతోంది, వంటమనిషిని వెంటనే అరెస్టు చేయాలన్నవాళ్లు నూటికి తొంభై పైచిలుకు. ఆ పైచిలుకు చెప్పేటప్పుడు ఆమె గొంతు తృప్తిగా ఉంది. అప్పుడు నా బుర్రలోకి ఒక మాట వచ్చింది, ఎక్కడి నుంచో కాదు, నాలోంచే వచ్చింది. ఈ వారం వంట వంతు మంగవ్వది. ఇది అబద్ధం కాదు. బడిలో అందరికీ తెలిసిన సంగతి. నేను ఆ ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటే చాలు, తీర్పు చెప్పక్కర్లేదు, అభిప్రాయం కలపక్కర్లేదు, ఈ వారం వంతు మంగవ్వ అనే మహిళది, ఆమె ప్రస్తుతం ఊళ్లో లేరు. మిగిలింది యాంకరమ్మ చూసుకుంటుంది, పరారీ అన్న మాట ఆమె నాలుక చివరే ఉంటుంది. గుంపు తలుపు దగ్గర నుంచి మంగవ్వ ఇంటికి తిరుగుతుంది, అవ్వ బయటికి వస్తుంది. అంతా నిజమే ఉన్న వాక్యంతో ఎంత పని చేయొచ్చో నాకు ఈ ఏళ్లలో బాగా తెలిసింది. సిగ్గేసింది. సిగ్గేసినా ఆ వాక్యం పోలేదు, నోట్లో తయారుగా కూర్చుంది, కర్త కర్మ క్రియ సరిచూసుకుని, ఛానల్ తెలుగులో.

"ఎల్లారెడ్డి నుంచి మా ప్రతినిధి చక్రధర్ సిద్ధంగా ఉన్నారు. చక్రధర్, మీకు వినిపిస్తోందా? అక్కడ ప్రజలు ఏం డిమాండ్ చేస్తున్నారు?"

కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది, వెనక జనం చేతులెత్తారు, స్వామిదాసు వేలు చూపించాడు. వినిపిస్తోంది అన్నాను. ఆ తర్వాత నా నోటి నుంచి ఏ వాక్యం వస్తుందో వచ్చేదాకా నాకు తెలియదు, ఇది బడాయి కాదు, నిజంగానే తెలియదు. పిల్లలందరూ కోలుకుంటున్నారు, ఎవరికీ ప్రమాదం లేదు అన్నాను. పిల్లలు అడవి ఆముదం కాయలు తిన్నట్టు తెలుస్తోంది, బడి అన్నం తినని భూమిక అనే పాప కూడా వాంతులు చేసుకుంది, ఆమె తండ్రి మాటలు మన దగ్గర రికార్డు చేసి ఉన్నాయి, అదే అన్నం తిన్న ప్రధానోపాధ్యాయుడు ఆరోగ్యంగా ఉన్నారు అన్నాను. గుక్క తిప్పుకోలేదు, తిప్పుకుంటే కోసేస్తారు. పంతులు పిల్లవాడి పలక లాక్కున్నట్టు చెవిలో యాంకరమ్మ అందుకుంది.

"చక్రధర్, వంటమనిషి భోజనం ముట్టలేదని మధ్యాహ్నం చెప్పింది మీరే కదా?"

"అవును, నేనే చెప్పాను. ఆమె ఒక్కపొద్దు ఉన్నారు. ఇవ్వాళ తొలి ఏకాదశి. ఆ ఊళ్లో సగంమంది ఆడవాళ్లు ఇవ్వాళ తినలేదు."

"ఆమె ఉపవాసం ఉన్నట్టు మీకెలా తెలుసు?"

మధ్యాహ్నం నుంచి ఆ ఛానల్‌లో ఎవరూ ఎవర్నీ అడగని ప్రశ్న అది. లక్పతి చెప్పినప్పుడు నన్నెవరూ అడగలేదు. నిపుణుడు కక్ష అన్నప్పుడు ఆయన్నెవరూ అడగలేదు. మొత్తం రోజంతా కలిపి ఒక్క అసలైన విలేకరి ప్రశ్న, అది నాకు వచ్చింది. నాకు ఆమె మీద కోపం కూడా రాలేదు, సరైన ప్రశ్నే.

"ఆమె మా అమ్మ. నాకోసమే ఉంటుంది" అన్నాను.

చెవిలో యాంకరమ్మ గొంతు మారింది, మెత్తగా, జాగ్రత్తగా, నాతో కాకుండా టీవీ చూసేవాళ్లతో, "ప్రేక్షకులు గమనించాలి. ఇప్పటివరకు చక్రధర్ చెప్పింది ఆయన వ్యక్తిగత అభిప్రాయం. దీనితో మన ఛానల్‌కు ఎటువంటి సంబంధం లేదు. మళ్లీ చర్చలోకి వెళ్దాం" అంది. ఎర్ర దీపం ఆరిపోయింది. వెనక జనం చేతులు దించారు. ఎవడో నవ్వాడు, ఎవడో "వీని అవ్వేనట" అన్నాడు.

"కదలకన్నా" అన్నాడు స్వామిదాసు, ఈసారి కళ్లు రెండూ తెరిచి నన్ను చూస్తూ, చాలా నెమ్మదిగా. "మల్ల వస్తరంట. రిపోర్టరు తల్లి అని ఇంకో చర్చ పెడ్తున్నరంట, నిన్ను లైన్లనే ఉండుమన్నరు." చెవిలో పురుషోత్తం గారు కూడా అదే అంటున్నారు, అరవడం లేదు, కోపమైనా లేదు, పిలుపులో ఏదో ఉత్సాహం ఉంది, "లైన్లోనే ఉండు చక్రధర్, కట్ చేయకు, ఎమోషన్ పోనివ్వకు." ఇప్పుడు పోతే తల్లి కోసం పారిపోయిన కొడుకును, ఉంటే తల్లిని వెనకేసుకొచ్చిన కొడుకును, రెండింటికీ పట్టీలు తయారై ఉంటాయి. ఇందాక చెప్పిన కాయలు, పాప, సారు, ఏదీ మిగలలేదు. అమ్మ అన్న ఒక్క మాట అన్నింటినీ మింగేసింది. ఆ మాట చెప్పకపోయి ఉంటే? చెప్పకపోతే ఎలా తెలుసు అన్న ప్రశ్నకు జవాబు లేదు. గీత మీదే నిలబడి ఉన్నాను, ఇటుక గీత వానకు సగం చెరిగిపోయింది, అయినా కాళ్లు దాన్ని దాటడం లేదు. జేబులో ఫోను మళ్లీ కొట్టుకుంది. మొదటి నియమం గుర్తొచ్చింది. ఈసారి తీశాను. ఒక చెవిలో స్టూడియో, ఒక చెవికి ఫోను.

బాలనర్సయ్య సారు. వెనక అరుపులేమీ లేవు, అంతా అయిపోయాక ఉండే నిశ్శబ్దం అనుకున్నాను. "చక్రధర్, ఎన్నిసార్లు జేసిన, ఎత్తవేందయ్యా" అన్నాడు. "మీ అవ్వ బాగున్నది. మీ వాడకట్టు ఆడోళ్లు వచ్చిన్రు. తలుపు ముంగట కూసున్నరు. మేము సుత తినలేదు, మమ్ముల గూడ లోపటెయ్యుండ్రి అంటున్నరు. మొగోళ్లు ఏం జేయాల్నో తెల్వక నిలవడ్డరు." నువ్వు టీవీలో చెప్పినందుకు వచ్చారని ఆయన అనలేదు. అని ఉంటే బాగుండేది. "టీవీ గిట్ల ఏం లేదు ఈ బడికాడ, నువ్వు చెప్పింది ఎవ్వరు సూడలే. అందరికన్న ముందుగాల మంగవ్వ వచ్చింది. బిచ్కుంద దిక్కు టీవీల బడి పేరు సూసి అప్పుడే బస్సెక్కిందంట. వచ్చుడు వచ్చుడే తలుపు మీద చెయ్యేసి, ఈ వారం వంతు నాది, అడుగుతె నన్నడుగుండ్రి అన్నది. అగో, నువ్వేనంటె మాట్లాడుతనంటున్నది, ఇస్తున్న."

ఎడమ చెవిలో నిపుణుడు తల్లీకొడుకుల బంధం గురించి మొదలుపెట్టాడు. కుడి చెవిలో ఫోను చేతులు మారింది, కొంగు రాసుకున్న చప్పుడు, ఊపిరి.

"చక్రీ? నేను బిడ్డా, మంగవ్వను. బుగులు పడకు, నీ అవ్వకాడ నేనున్న. గని టీవీల ఒక్కొక్కడు ఒక్కొక్క తీరుగ అంటున్నడు, బస్సుల గూడ గదే లొల్లి. నాకైతె ఏం సమజ్ గాలే. ఎవలు పుట్టిచ్చిన్రు బిడ్డా గీ ముచ్చట, వండినామె తినలేదని? నువ్వు చెప్పు. నువ్వైతె అయిన ముచ్చటనే చెప్తవు."

మధ్యాహ్నం నుంచి ఆగకుండా మాట్లాడిన నోరు తెరుచుకుంది.

"హలో? బిడ్డా, ఇనవడ్తున్నదా?" అంటోంది మంగవ్వ.